మరుగున పడ్డ సోల్, ఫంక్ సింగిల్స్‌ను నలుగురికీ వినిపించడం ఎలా

సోల్ అంటే నల్లవాళ్ళ చర్చి పాటల ఛాయ ఉన్న అమెరికా పాట, ఫంక్ అంటే దాని నుంచి పుట్టి తాళానికే పెద్దపీట వేసిన సంగీతం. 1960లు, 70ల అమెరికాలో కాస్త పెద్ద ఊరు ప్రతిదానికీ సొంతంగా చిన్న రికార్డు కంపెనీ ఒకటో రెండో ఉండేవి. చర్చిలో పాడి గొంతు సానబెట్టుకున్న గాయని, స్కూలు బ్యాండు నుంచి వచ్చిన కుర్రాళ్ళు, ఒక పూట స్టూడియో అద్దె, కొన్ని వందల కాపీలు. ఊరి రేడియోలో డీజే నాలుగుసార్లు తిప్పితే అమ్ముడుపోయేవి, తిప్పకపోతే అట్టపెట్టెల్లోనే ఉండిపోయేవి. పాట బాగాలేక కాదు, దాన్ని పక్క రాష్ట్రానికి చేర్చే పంపిణీదారు లేక.

వైపుకొక పాట ఉండే అలాంటి ఏడంగుళాల రికార్డు (దాన్నే సింగిల్ అంటారు, నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది కాబట్టి '45' అని కూడా) ఒకటి మీ చేతికి వస్తే దాని విషయంలో మీ పని రెండు ముక్కలు. అది ఎలా పాడాలో అలా పాడించాలి. అది ఏమిటో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. రెండోది వదిలేస్తే విన్నవాళ్ళకు ఒక మంచి సాయంత్రం మిగులుతుంది గానీ, ఆ పాట వాళ్ళకు మళ్ళీ దొరకదు.

ఏ వైపు వినిపించాలి

ప్రతి రికార్డునూ తిప్పి రెండో వైపు కూడా వినండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. గ్లోరియా జోన్స్ పాడిన 'టెయింటెడ్ లవ్' 1965లో చాంపియన్ లేబుల్ (రికార్డు కంపెనీ) మీద బీ సైడ్‌గా, అంటే వెనకవైపు పాటగా, వచ్చి, అమెరికాలో ఎవరి చెవినా పడకుండా పోయింది. 70లలో ఉత్తర ఇంగ్లండ్ డాన్సు క్లబ్బులు దాన్ని బతికించాయి. 1981లో సాఫ్ట్ సెల్ అనే బృందం పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. వాషింగ్టన్ బృందం ది విన్‌స్టన్స్ 1969లో 'కలర్ హిమ్ ఫాదర్' విడుదల చేసినప్పుడు వెనకవైపు నింపడానికి 'ఆమెన్, బ్రదర్' వేశారు. అందులో గ్రెగరీ కోల్‌మన్ ఒంటరిగా వాయించిన నాలుగు బార్ల (ఆవర్తాల) డ్రమ్స్, సుమారు ఏడు సెకన్లు, తర్వాతి తరాల హిప్‌హాప్‌కు, జంగిల్ అనే వేగమైన డాన్సు సంగీతానికి పునాది రాయి అయింది. ముందు వైపు ప్రొడ్యూసర్ రేడియో కోసం చెక్కినది. వెనకవైపు బ్యాండు తనకు నచ్చినట్టు వాయించినది. ఫంక్‌లో అయితే 'పార్ట్ 2' అని రాసి ఉన్న వైపు మీదే ముందు కన్నేయండి. న్యూ ఆర్లియన్స్ వాడు ఎడ్డీ బో 1969లో స్క్రామ్ లేబుల్ మీద చేసిన 'హుక్ అండ్ స్లింగ్' లాగా ఒకే పాటను రెండు ముక్కలు చేసినప్పుడు, మాటలు మొదటి ముక్కలో అయిపోయి, బృందం ఊపందుకునేది తరచు రెండో ముక్కలోనే.

అందరూ కలిసి కూర్చుని వినే ఒక బైఠక్‌కు పన్నెండు సైడ్లు చాలు. ఒక్కో పాట రెండున్నర, మూడు నిమిషాలు. ముందు రెండు నిమిషాల మాట, మళ్ళీ వేయమని అడిగే రెండు మూడు పాటలు కలిపితే గంటంబావు అవుతుంది. ఇరవై తెచ్చుకుంటే చివరి ఆరింటినీ ఎవరూ వినరు, విన్నట్టు కూర్చుంటారు.

అసలు ముద్రణే ఉండాలన్న పట్టింపు వద్దు. మన పాత రికార్డుల దుకాణాల్లో సినిమా పాటల ఈపీలు దొరుకుతాయి గానీ అమెరికా చిన్న లేబుళ్ళ సింగిల్స్ దాదాపు కనబడవు. అవి బయట నుంచి రావాల్సిందే. హక్కుదారుల దగ్గర అనుమతి తీసుకుని మళ్ళీ వేసిన సంకలనాలు బోలెడున్నాయి. 2003లో షికాగోలో మొదలైన న్యూమెరో గ్రూప్ తన తొలి సంకలనాన్ని ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో బిల్ మాస్ నడిపిన క్యాప్‌సోల్ అనే చిన్న లేబుల్‌కే కేటాయించింది. అలాంటి సంకలనాలతోనే బైఠక్‌లు నడపవచ్చు.

చేతిలో ఉన్నది వినైలా, స్టైరీనా

అమెరికా సింగిల్స్ వినైల్, స్టైరీన్ అనే రెండు రకాల ప్లాస్టిక్‌తో వచ్చాయి. ఈ తేడా తెలియకపోతే మంచి రికార్డును మీ చేతులారా పాడుచేస్తారు. అంచును గోటితో మెల్లగా కొట్టండి. వినైల్ మెత్తగా మోగుతుంది. స్టైరీన్ 'టక్'మని గట్టిగా, పెళుసుగా పలుకుతుంది. స్టైరీన్ తేలిక, వంగదు, వంచబోతే విరుగుతుంది. దాని నడుమ ఉండే కాగితం లేబుల్ స్టిక్కర్‌లా పైన అంటించి ఉంటుంది. వినైల్‌లో లేబుల్ ముద్రణప్పుడే పదార్థంలో కలిసిపోయి ఉంటుంది.

స్టైరీన్ చూడ్డానికి అద్దంలా మెరుస్తూ కూడా లోపల అరిగిపోయి ఉండవచ్చు. అప్పట్లో రేడియో డీజే పాట మొదలు దొరకబుచ్చుకోవడానికి రికార్డును చేత్తో ముందుకూ వెనక్కీ తిప్పేవాడు. ముల్లు వెనక్కి నడిచినప్పుడు స్టైరీన్ గాడి గోడలు గీరుకుపోతాయి. ఫలితంగా మొదటి నాలుగైదు సెకన్లు బుస కొట్టినట్టు వినబడతాయి. రేడియోకు పంపిన తెల్ల లేబుల్ ప్రోమో కాపీల్లో ఇది ఎక్కువ. ఎంత కడిగినా పోదు, ఎందుకంటే అది మురికి కాదు, గాయం. కొనేముందు 'వీజీ ప్లస్' ('చాలా బాగుంది' కంటే ఒక మెట్టు పైన) అని రాసిన గ్రేడు చూసి వేశారా, విని వేశారా అని అమ్మేవాళ్ళను అడగండి. 'ఎం మైనస్'గా, అంటే దాదాపు కొత్తదిగా, కనబడే స్టైరీన్ కంటే గీతలు కనబడుతున్న వినైల్ చాలాసార్లు బాగా పాడుతుంది.

ప్రోమోలతో ఇంకో చిక్కు. 70ల ప్రోమోల్లో చాలావాటికి రెండు వైపులా ఒకే పాట ఉంటుంది, ఒకవైపు మోనో, ఒకవైపు స్టీరియో. మీకు కావాల్సింది బీ సైడ్ అయితే అలాంటి కాపీ కొని లాభం లేదు. రెండు వైపుల ఫొటోలూ అడిగి తెప్పించుకోండి.

తర్వాత పాట ముగిసే చోటికీ లేబుల్‌కూ మధ్య ఉండే ఖాళీ పట్టీ చూడండి. డెడ్‌వాక్స్ అంటారు. దీపాన్ని పక్క నుంచి ఏటవాలుగా పడనిచ్చి, ఫోన్ కెమెరాతో దగ్గరగా తీస్తే గీసిన అంకెలు స్పష్టంగా కనబడతాయి. లేబుల్ మీది నంబరూ ఈ అంకెలూ కలిపి పోల్చితే అసలు ముద్రణ ఏదో, తర్వాత ఎవరో దొంగచాటుగా వేసింది ఏదో తేలుతుంది. చిన్న త్రిభుజం, దాని పక్కన నంబరు ఉంటే అది లాస్ ఏంజిలెస్‌లోని మోనార్క్ కర్మాగారంలో అచ్చయింది. ఆ నంబర్లు వరుసగా పెరుగుతూ పోయాయి. లేబుల్ మీద సంవత్సరం లేని రికార్డుకు, తేదీ తెలిసిన ఇంకో మోనార్క్ రికార్డు నంబరుతో పోల్చి ఏ ఏటిదో అంచనా కట్టవచ్చు. ఊరూ పేరూ లేని రికార్డుకు ఇంతకంటే గట్టి ఆధారం చాలాసార్లు దొరకదు.

కడగడం

ముందు పొడి బ్రష్‌తో దుమ్ము తీయండి. అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు చుక్కల గిన్నెల లిక్విడ్, అంతకు మించి వద్దు. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో కొంటే సీసా మీద ఏమని ఉందో చదవండి, అదే అరలో యాసిడ్ కూడా ఉంటుంది. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు అసలు వద్దు. వాటిలో ఉప్పు ఆరాక గాడిలో తెల్లగా మిగిలి చిటపటలాడుతుంది.

మైక్రోఫైబర్ గుడ్డ తడిపి, పిండి, గాడి వెంట గుండ్రంగా తుడవండి, అడ్డంగా కాదు. లేబుల్‌కు వేలెడు దూరంలో ఆగండి. స్టైరీన్ లేబుల్‌కు తడి తగిలితే జిగురు ఊడి బుడగలు లేస్తాయి. రెండో గుడ్డతో ఉత్త డిస్టిల్డ్ వాటర్ రెండుసార్లు పట్టించి సబ్బు పోగొట్టండి. సబ్బు మిగిలితే ముల్లుకు బూడిద రంగు ముద్దలా చుట్టుకుని, పాట మధ్యలో ఎత్తు స్వరాలు మూగబోతాయి. పళ్ళాల స్టాండులో నిలబెట్టి నీడలో గంటసేపు ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్, ఎండ రెండూ వద్దు. స్టైరీన్ మీద స్పిరిట్ వాడకపోవడమే క్షేమం.

వేగం, బరువు, మోనో

అమెరికా నుంచి వచ్చేటప్పుడు అక్కడి టర్న్‌టేబుల్‌ను తెచ్చుకునేవాళ్ళు ముందు ఈ పేరా చదవండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజి సర్దుకుంటుంది గానీ హెర్ట్జ్ మారదు. ఏసీ మోటారు ఉన్న పాత బెల్టు ప్లేయర్ హెర్ట్జ్‌ను బట్టే తిరుగుతుంది. 45 తిరగాల్సింది 37.5 తిరుగుతుంది, పాట మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోతుంది. అంటే పాడేది ఆడగొంతయితే మగగొంతులా వినబడుతుంది. అంతవరకూ ఆ పాట వినని వాళ్ళు అదే అసలనుకుంటారు. 50 హెర్ట్జ్ పుల్లీ మార్చాలి, లేదా డీసీ మోటారు, క్వార్ట్జ్ నియంత్రణ ఉన్న ప్లేయర్ వాడాలి. పరీక్ష సులువు. లేబుల్ మీద చిన్న కాగితం ముక్క పెట్టి, ఫోన్‌లో వీడియో తీసి, చుట్లు లెక్కపెట్టండి. రెండు నిమిషాల్లో 90 చుట్లు రావాలి. ముల్లు రికార్డు మీద ఆని ఉన్నప్పుడే లెక్కపెట్టండి, ఉత్తినే తిరిగే పళ్ళెం కాస్త వేగంగా పోతుంది.

ముల్లు బరువు కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే భాగం) కంపెనీ చెప్పినంతే పెట్టండి. ఆడియో టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు. తక్కువ పెడితే రికార్డు పాడవదనుకోవడం పొరపాటు. తేలికైన ముల్లు పెద్ద శబ్దం దగ్గర గాడి వదిలి ఎగిరి, తిరిగి గోడకు కొట్టుకుంటుంది, దెబ్బ దానివల్లే. కార్ట్రిడ్జ్‌ను మోసే చేయి (టోన్‌ఆర్మ్) మీది అంకెల్ని నమ్మకుండా ముల్లు తూచే చిన్న డిజిటల్ త్రాసుతో చూసుకోండి.

అమెరికా 45 నడుమ బెజ్జం ఒకటిన్నర అంగుళం. దానికో అడాప్టర్ కావాలి. ఇక్కడే కొంచెం ఆగాలి. చాలా చిన్న లేబుళ్ళ రికార్డుల్లో బెజ్జం సరిగ్గా మధ్యలో పడలేదు. పియానో, ట్రంపెట్ నిలిపి పట్టిన స్వరం ఊగుతున్నట్టు వినబడితే అదే కారణం. అడాప్టర్ తీసేయండి. రికార్డును ఉత్తినే మ్యాట్ మీద పరిచి, మెల్లగా తిప్పుతూ ముల్లు ఆనించి, చేయి కొసను పక్క నుంచి చూడండి. చుట్టు చుట్టుకూ అది కుడికీ ఎడమకూ ఊగుతుంది. బాగా కుడికి, అంటే బయటి వైపుకు, వెళ్ళిన క్షణాన చేయి దగ్గరున్న అంచు ఏదో గుర్తుపెట్టుకోండి. ముల్లు ఎత్తి, రికార్డును ఆ అంచు వైపు నుంచి మధ్యకు గోరు మందం నెట్టండి. మళ్ళీ ఆనించండి. మూడు నాలుగు సార్లలో చేయి కదలకుండా నిలుస్తుంది, అప్పటిదాకా నీళ్ళల్లోంచి వస్తున్నట్టున్న పియానో ఒక్కసారిగా గదిలోకి వచ్చి కూర్చుంటుంది. ఈ సదుపాయం పెద్ద బెజ్జం వల్లే, చిన్న బెజ్జం ఎల్పీకి లేదు.

1968కి ముందటి సింగిల్స్ దాదాపు అన్నీ మోనో. స్టీరియో కార్ట్రిడ్జ్‌తో వాయిస్తే పాట రెండు వైపులా ఒకటే, గీతల చప్పుడు మాత్రం వేరువేరు. యాంప్లిఫయర్‌లో మోనో మీట నొక్కితే గాడిలో ముల్లు పైకీ కిందికీ ఎగిరే కదలిక రద్దయి, చిటపట సగానికి తగ్గినట్టు ఉంటుంది. మీట లేకపోతే కంప్యూటర్‌లో చేయవచ్చు.

దూరంగా ఉన్నవాళ్ళ కోసం

బైఠక్‌కు రాలేనివాళ్ళు ఉంటారు. హైదరాబాదులో శనివారం ఉదయం ఏడున్నరకు మొదలుపెడితే వేసవిలో డాలస్‌లో శుక్రవారం రాత్రి తొమ్మిది, శీతాకాలంలో ఎనిమిది. రెండు చోట్లా వినగలిగే వేళ అదే. జూమ్‌లో వినిపిస్తే సెట్టింగుల్లో 'ఒరిజినల్ సౌండ్' తప్పక ఆన్ చేయండి. లేకపోతే అది డ్రమ్స్‌ను గది చప్పుడనుకుని నొక్కేస్తుంది, ఫంక్‌లో పోగూడనిదే పోతుంది. ఫోన్‌ను స్పీకరు ముందు పెట్టడం కంటే ఫోనో ప్రీయాంప్ (ముల్లు నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచే పెట్టె) నుంచి యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ద్వారా నేరుగా ఇవ్వడం వందరెట్లు మేలు. ఊ అనే హమ్ వస్తే టర్న్‌టేబుల్ ఎర్త్ తీగ ప్రీయాంప్‌కు బిగించారో లేదో చూడండి, పదిలో తొమ్మిదిసార్లు దోషం అక్కడే.

రికార్డు చేయడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు. 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ పెట్టండి. సింగిల్స్‌ను జ్యూక్‌బాక్సులో గట్టిగా మోగాలని గాడిని పెద్ద స్థాయిలో కోశారు. అందుకే పాటలో అతి పెద్ద చోట మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. సున్నా తాకితే శబ్దం చీలిపోతుంది, అది మళ్ళీ సరికాదు.

మోనోగా కలిపేముందు ఎడమ, కుడి చానళ్ళు విడివిడిగా వినండి. పాత బరువైన చేతులు గాడి ఒక గోడనే ఎక్కువ అరగదీసి ఉండవచ్చు. ఒకటి గరగరలాడి ఇంకొకటి శుభ్రంగా ఉంటే కలపకండి, బాగున్న దాన్నే ఉంచండి. ఆటోమేటిక్ క్లిక్ రిమూవల్‌ను పాట మొత్తానికీ వేయడం సోల్, ఫంక్‌లో పెద్ద తప్పు. అది స్నేర్ డ్రమ్ దెబ్బను, హార్న్స్ (ట్రంపెట్, శాక్సఫోన్ లాంటి ఊదే వాద్యాలు) మొదటి పలుకును కూడా గీతే అనుకుని కోసేస్తుంది. పెద్ద చప్పుళ్ళను ఒక్కొక్కటిగా దగ్గరగా చూసి తీయండి, చిన్నవి వదిలేయండి. 30 హెర్ట్జ్ కింద ఉన్నదంతా మోటారు గురగుర, దాన్ని తీసేయవచ్చు. నాయిస్ రిడక్షన్ జోలికి పోకపోతే మంచిది, డ్రమ్స్‌లోని సింబల్స్ నీళ్ళలో ముంచినట్టు అవుతాయి.

రెండున్నర నిమిషాల మోనో పాట ఇలా 20 ఎంబీ లోపు వస్తుంది, ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) చేస్తే ఇంకా తగ్గుతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆడియోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

ఒక్క సంగతి గట్టిగా పట్టించుకోండి. ఇవి హక్కులు లేని పాటలు కావు. అమెరికా 2018 చట్టం ప్రకారం 1957 మొదలు 1972 ఫిబ్రవరి 14 దాకా వచ్చిన రికార్డింగులకు అక్కడ 2067 ఫిబ్రవరి దాకా రక్షణ ఉంది. మన చట్టంలో సౌండ్ రికార్డింగుకు గడువు 60 ఏళ్ళు, కానీ పాట రాసినవాళ్ళ హక్కు వేరు, అది వాళ్ళ తర్వాత 60 ఏళ్ళు నడుస్తుంది. అందుకని మొత్తం పాటను అందరికీ కనబడేచోట పెట్టకండి. సరైన పునర్ముద్రణ ఉంటే దాని లింకు ఇవ్వండి. ఒకప్పుడు కూలి కూడా సరిగా దక్కని ఆ గాయకులకో, వాళ్ళ పిల్లలకో నాలుగు రూపాయలు చేరే దారి అదొక్కటే.

వినిపించే పద్ధతి

మొదటి పాట మధ్య వేగంలో, గొంతు స్పష్టంగా ఉన్నది వేయండి. మూడు వేగం పాటలు వరుసగా వేయకండి, మూడోది ఎంత మంచిదైనా మొదటి రెండింటి కింద పడిపోతుంది. నెమ్మదైన డీప్ సోల్ పాటను ఎప్పుడూ గట్టి ఫంక్ వెంటనే పెట్టండి, ఆ నిశ్శబ్దం దానికి కావాలి. రికార్డు రికార్డుకూ శబ్దం స్థాయి మారుతుంది. ముందురోజే అన్నీ వాయించి, ఒక్కోదానికి వాల్యూమ్ ఎక్కడ ఉండాలో రాసిపెట్టుకోండి.

పాటకు ముందు చెప్పాల్సింది నాలుగు ముక్కలు: ఎవరు, ఏ ఊరు, ఏ లేబుల్, పాటలో మనిషి ఏం అడుగుతున్నాడు. ఇంగ్లీషు అలవాటున్నవాళ్ళకు కూడా ఆ యాస మొదటిసారి అందదు. రెండు వాక్యాల్లో భావం చెబితే చెవి మిగతాది పట్టుకుంటుంది. పాట ఎంత గొప్పదో ముందే చెప్పకండి. పాట నడుస్తుండగా అసలు మాట్లాడకండి.

మన చెవికి దగ్గర దారులు ఉన్నాయి, వాడుకోండి. గాయని ఒక మాట అంటే వెనకవాళ్ళు అందుకోవడం నల్లవాళ్ళ చర్చి నుంచి వచ్చింది. బుర్రకథలో కథకుడి మాటను వంతలు అందుకునే తీరు గుర్తుచేస్తే కొత్తవాళ్ళకు వెంటనే వెలుగుతుంది. తాళం దగ్గర మాత్రం తికమక ఉంటుంది. నాలుగు దెబ్బల లెక్కలో, భజనలో మన చప్పట్లు ఒకటి మీద, మూడు మీద పడతాయి. సోల్‌లో స్నేర్ రెండు మీద, నాలుగు మీద పడుతుంది. ఒక పాటకు అందరి చేతా రెండు, నాలుగు మీద చప్పట్లు కొట్టించండి. తర్వాత ఫంక్‌కు దారి వేసిన గాయకుడు జేమ్స్ బ్రౌన్ 60ల చివర పాడిన పాట ఏదైనా వేయండి. అక్కడ స్నేర్ తన చోటే ఉన్నా బరువంతా ఒకటో దెబ్బ మీదికి, మన లెక్కలో సమం మీదికి, వచ్చేస్తుంది. సోల్ ఎక్కడ ఫంక్ అయిందో చెప్పడానికి ఇంతకంటే ఉపన్యాసం అక్కర్లేదు.

రికార్డును చేతులు మార్చకండి. కవరు, లేబుల్ ఫొటో మాత్రం అందరి చేతులకూ అందించండి.

పేరు దాచొద్దు

విగన్ కాసినో (1973–1981) వంటి ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బుల్లో డీజేలు అరుదైన రికార్డు లేబుల్ మీద కాగితం అంటించి, లేనిపోని పేరు చెప్పి వాయించేవారు. పోటీ డీజేకు దొరకకూడదని. ఈ పాటల్ని బతికించింది ఆ డీజేలే, అందులో సందేహం లేదు. కానీ ఆ అలవాటు వల్ల పాడినవాళ్ళ పేరు ఏళ్ళ తరబడి తప్పుగా తిరిగింది. తన పాటకు వేలమంది ఇంకో దేశంలో నాట్యం చేస్తున్నారని పాడిన మనిషికే తెలియలేదు. మీరు దానికి సరిగ్గా తిరగేసి చేయండి.

బైఠక్ రోజు రాత్రే అందరికీ ఒక చీటీ పంపండి. ఒక్కో పాటకు గాయకులు, పాట పేరు, లేబుల్, కేటలాగ్ నంబరు, ఏ వైపు, ఊరు, సంవత్సరం, బ్రాకెట్లో చిన్న అక్షరాల్లో ఉండే రచయిత పేరు, ప్రొడ్యూసర్, డెడ్‌వాక్స్ అంకెలు, పునర్ముద్రణ ఎక్కడ దొరుకుతుందో. రచయిత పేరు వదలకండి. తర్వాతి రికార్డుకు దారి చూపేది తరచు అదే, ఎందుకంటే ఒకే రచయిత ఆ ఊళ్ళో ఇంకో నలుగురికి రాసి ఉంటాడు. స్పెల్లింగ్ లేబుల్ మీద ఉన్నట్టే రాయండి. లేబుల్‌దే తప్పయినా మీరు దిద్దితే వెతికేవాళ్ళకు దొరకదు, కావాలంటే పక్కన సరైనది చేర్చండి. రికార్డుల వివరాలుండే వెబ్‌సైట్లు డిస్కాగ్స్, 45క్యాట్ రెండింట్లోనూ చూడండి. రెండూ వేర్వేరు ఏళ్ళు చెబితే రెండూ రాయండి. ఆధారం దొరకని గడిని ఖాళీగా ఉంచండి. ఊహించి నింపిన సంవత్సరం ఆరు నెలల్లో నాలుగు చోట్లకు పాకి నిజమై కూర్చుంటుంది.

ధరల ప్రస్తావన వస్తుంది. మోటౌన్ కంపెనీ వారి 'సోల్' అనే లేబుల్ మీద ఫ్రాంక్ విల్సన్ 1965లో చేసిన 'డూ ఐ లవ్ యూ' కాపీలు దాదాపు అన్నీ నాశనం చేశారు. మిగిలిన వాటిలో ఒకటి 2009లో 25,742 పౌండ్లకు అమ్ముడుపోయింది. అడిగితే చెప్పండి, దాంతో మొదలుపెట్టకండి. కొత్తవాళ్ళు ఇది డబ్బున్నవాళ్ళ ఆట అనుకుని తప్పుకుంటారు. నిజానికి ఎవరూ వెతకని మంచి సింగిల్ ధర పార్సెల్ ఖర్చు కంటే తక్కువగా కూడా ఉంటుంది.

దాచడం, ఎరువివ్వడం

నిలువుగా, వాలకుండా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పడేస్తే కింది వాటికి అట్టల అచ్చు పడుతుంది. మన వేసవికి ప్రత్యేకంగా భయపడాలి. మే నెలలో ఎండలో నిలిపిన కారులో వినైల్ అరగంటలో గిన్నెలా వంగుతుంది, తర్వాత ఏం చేసినా పూర్తిగా సరికాదు. బైఠక్ కోసం మిత్రుడి ఇంటికి పట్టుకెళ్ళే రికార్డును సీటు మీద వదిలి టిఫిన్‌కు దిగకండి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో వానాకాలంలో పాత కాగితం కవరు బూజు పట్టి ఆ మచ్చ గాడిలోకి దిగుతుంది. కొత్త కవరు వేసి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, నెలకోసారి తెరిచి గాలి తగలనివ్వండి.

పోస్టులో పంపాల్సి వస్తే రెండు ముడతల అట్టలు రికార్డు కంటే అర అంగుళం పెద్దవిగా కోయండి. ఒకదాని గీతలు నిలువుగా, రెండోదాని గీతలు అడ్డంగా ఉండేలా పెట్టండి. రెండూ ఒకేవైపు ఉంటే కట్ట ఆ గీత వెంట మడత పడుతుంది, స్టైరీన్ అయితే రెండు ముక్కలే. రికార్డు వాటి మధ్య కదలకుండా టేపుతో అట్టలనే బిగించండి, టేపు కవరుకు తగలనివ్వకండి. చీటీ కాపీ ఒకటి లోపల పెట్టండి.